పెద్దవాడు, చిన్నవాడు: జోనాథన్ సాక్స్ ఆదికాండ వ్యాఖ్యానం – ఒక పరిశీలన

మూలాన్ని ముట్టుకోకుండా అర్థాన్ని కదిలించడం వ్యాఖ్యాన సంప్రదాయాలన్నింటికీ తెలిసిన విద్య. మూలంలో లేనిదేదీ రాయనని ప్రతిజ్ఞ చేసిన కోలాచలం మల్లినాథసూరి సైతం, మూలంలో ఏముందో తేల్చే అధికారాన్ని తన చేతిలోనే ఉంచుకున్నాడు. కావ్యం విషయంలో ఈ అధికారం వల్ల కలిగే లాభనష్టాలు రసజ్ఞుల పరిధిలో ఉండిపోతాయి. మతగ్రంథం విషయంలో అలా కాదు. అక్కడ ఒక విభక్తి ప్రత్యయాన్ని ఎలా అన్వయించారన్నది పొరుగువాడితో ఎలా మెలగాలన్న ప్రశ్నకు జవాబుగా మారుతుంది. యూదుల ధర్మగ్రంథమైన తోరాను ఈ ఎరుకతో చదివి, సమకాలీన మతవైరాలకు ఆ పఠనాన్నే సమాధానంగా ప్రతిపాదించిన ఆధునిక వ్యాఖ్యాత జోనాథన్ సాక్స్ (1948–2020).

సాక్స్ కేంబ్రిడ్జిలో తత్త్వశాస్త్రం చదివారు. 1991 నుంచి 2013 వరకు బ్రిటన్‌లోని సనాతన యూదు సమాజాల ప్రధాన రబ్బీగా పనిచేశారు. ఆయన రచనల్లో ఈ పరిశీలనకు ముఖ్యమైనవి మూడు: 2002లో వెలువడిన 'ది డిగ్నిటీ ఆఫ్ డిఫరెన్స్', 2007 నాటి 'ది హోమ్ వి బిల్డ్ టుగెదర్', 2015 నాటి 'నాట్ ఇన్ గాడ్స్ నేమ్'. మొదటిది 2001 సెప్టెంబరు 11 దాడుల నేపథ్యంలో, రెండవది 2005 జులైలో లండన్ నగరంలో జరిగిన బాంబు దాడుల తరువాతి బ్రిటన్‌లో, మూడవది పశ్చిమాసియాలో మతం పేరిట హింస ఉద్ధృతంగా ఉన్న కాలంలో వచ్చాయి. మూడింటిలోనూ సమస్య ఒక్కటే: తన దేవుణ్ణి నమ్మని వాడితో మనిషి ఎలా బతకాలి? సాక్స్ సమాధానం తత్త్వవాదంగా మొదలై కథాపఠనంగా పరిణమించింది. ఈ పరిణామమే సాహిత్య విద్యార్థికి ఆయన రచనలను పఠనీయం చేస్తుంది. మత రాజనీతి గ్రంథాలుగా వీటిపై చర్చ విస్తారంగా జరిగింది. కథను చదివే పద్ధతిగా వీటి బలం ఎంత, ఆ పద్ధతి ఎక్కడ ఆగిపోతుంది అన్నవి ఇక్కడి ప్రశ్నలు.

పేరులేని కొడుకు

'నాట్ ఇన్ గాడ్స్ నేమ్' మూడు భాగాలుగా, 15 అధ్యాయాలుగా ఉంది. మొదటి భాగం హింసకు మూలాలను వెదుకుతుంది. లోకాన్ని వెలుగు బిడ్డలు, చీకటి బిడ్డలు అని రెండుగా చీల్చే ద్వైతబుద్ధి, బలిపశువును వెదికే సమూహ స్వభావం, సోదరవైరం అనే మూడు మెట్ల మీదుగా వాదం సాగుతుంది. సోదరవైరం అన్న మూడవ మెట్టు దగ్గర సాక్స్ తన అసలు విషయానికి వస్తారు. యూదు, క్రైస్తవ, ఇస్లాం మతాలు మూడూ అబ్రాహామును తండ్రిగా చెప్పుకుంటాయి. మూడింటి మధ్య తగవు తండ్రి ప్రేమ ఎవరిదన్న తగవు. దేవుడు ఒకణ్ణి ఎన్నుకుంటే ఇంకొకణ్ణి తోసిపుచ్చినట్లేనన్న భావానికి ఆదికాండమే ఆధారంగా కనిపిస్తుంది: ఇస్సాకు దక్కాడు, ఇష్మాయేలు పోయాడు, యాకోబు దక్కాడు, ఏశావు పోయాడు. రోగానికి కారణమైన గ్రంథంలోనే మందు ఉందని నిరూపించడం రెండవ భాగం పని. గ్రంథంలో సారవంతమైన భాగమూ అదే. మిగిలిన రెండు భాగాలు లేకపోయినా ఆ నాలుగు అధ్యాయాలు నిలుస్తాయి.

హాగరు, ఇష్మాయేలు వెళ్లగొట్టబడే ఘట్టం ఆదికాండము 21వ అధ్యాయంలో ఉంది. నీళ్లు అయిపోయాయి. తల్లి బిడ్డను పొద కింద వదిలి, వాడి చావు చూడలేక వింటివేటు దూరంలో కూర్చుని ఏడుస్తుంది. సాక్స్ అడిగేది సరళమైన ప్రశ్న: ఇష్మాయేలు త్యాజ్యుడని చెప్పదలచిన కథకుడు పాఠకుడి కన్నీటిని అతని పక్షాన ఎందుకు ఖర్చుపెట్టాడు? ఎన్నికైన బిడ్డ ఇస్సాకు ఈ ఘట్టంలో నోరు విప్పడు. దూత ఆకాశం నుంచి పిలిచేది హాగరును. వెంటనే వచ్చే 22వ అధ్యాయంలో ఇస్సాకు బలికి సిద్ధమైనప్పుడు ఆ పిలుపే మళ్లీ వినిపిస్తుంది. రెండు చోట్లా అబ్రాహాము తెల్లవారుజామునే లేస్తాడు. రెండు చోట్లా బిడ్డ చావు అంచుదాకా వెళ్లి తిరిగి వస్తాడు. ఇద్దరు కొడుకుల కథలను ఒకే అచ్చులో పోసిన కథకుడు ఒకణ్ణి అల్పుడని భావించి ఉండడన్నది ఇందులోని తర్కం.

మరొక విశేషం ఉంది. 21వ అధ్యాయంలో ఎక్కడా ఇష్మాయేలు పేరు రాదు. అతడు దాసి కొడుకు, పిల్లవాడు, బాలుడు మాత్రమే. అయితే దేవుడు ఆ బాలుని స్వరాన్ని విన్నాడని చెప్పేచోట వాడిన హీబ్రూ క్రియలో అతని పేరు దాగి ఉంది. ఇష్మాయేలు అంటేనే దేవుడు వింటాడని అర్థం. మనుషులు పేరెత్తని వాణ్ణి దైవం వినడంలోనే పేరుపెట్టి పిలిచినట్లయింది. అనువాదంలో ఈ శ్లేష జారిపోతుంది. తెలుగు పాఠకుడికి ఇష్మాయేలు ఒక విశేషనామం మాత్రమే, విను అనే ధాతువుతో దానికి చుట్టరికం కనిపించదు.

కథ మీద మిద్రాష్ సంప్రదాయం చేర్చిన పొరలను కూడా సాక్స్ తీసుకుంటారు. మూలంలోని ఖాళీలను కథలతో పూరించే ప్రాచీన రబ్బీల వ్యాఖ్యానమే మిద్రాష్. పెళ్లికి ముందు ఇస్సాకు బెయేర్ లహాయిరోయి నుంచి వస్తున్నాడని 24వ అధ్యాయం చెబుతుంది. అది పూర్వం హాగరుకు దూత ప్రత్యక్షమైన బావి. ఇస్సాకు అక్కడికి ఎందుకు వెళ్లాడు? హాగరును తిరిగి తండ్రి దగ్గరికి తీసుకురావడానికి అన్నారు రబ్బీలు. శారా మరణించాక అబ్రాహాము పెళ్లాడిన కెతూరా హాగరేనన్నారు. ఎనిమిదవ శతాబ్ది ప్రాంతానికి చెందిందని పండితులు భావించే ఒక మిద్రాష్‌లో అబ్రాహాము రెండుసార్లు ఇష్మాయేలు ఇంటికి వెళ్తాడు. ఇష్మాయేలు భార్యల పేర్లు ఆయేషా, ఫాతిమా. ఇస్లాం ఆవిర్భావం తరువాత ఒక యూదు కథకుడు ప్రవక్త ముహమ్మదు భార్య పేరును, కుమార్తె పేరును ఇష్మాయేలు ఇంట పెట్టాడంటే ఆ కల్పనను యాదృచ్ఛికంగా చూడలేము. మూలకథలోనూ చివరి దృశ్యం కలయికే: 25వ అధ్యాయంలో ఇస్సాకు, ఇష్మాయేలు ఇద్దరూ కలిసి తండ్రిని మక్పేలా గుహలో పాతిపెడతారు. ఈ గుహ దగ్గరికి వ్యాసం మళ్లీ రావలసి ఉంది.

విభక్తి లేని వాక్యం

సాక్స్ పద్ధతి పదునుగా కనిపించేది యాకోబు, ఏశావుల కథలో. రిబ్కా గర్భంలో కవలలు పెనుగులాడుతున్నప్పుడు ఆమెకు దైవవాక్కు వినిపిస్తుంది. పెద్దవాడు చిన్నవాడికి ఊడిగం చేస్తాడని దాని ప్రసిద్ధార్థం. కథ మొత్తాన్ని నడిపేది ఈ వాక్యమే: రిబ్కా కుట్రకు, యాకోబు మారువేషానికి, గుడ్డి తండ్రి మోసపోవడానికి అదే ప్రమాణం. హీబ్రూలో నిర్దిష్ట కర్మకు ముందు 'ఎత్' అనే ద్వితీయార్థక పదం రావడం పరిపాటి. ఈ వాక్యంలో అది లేదు. కనుక పెద్దవాడు చిన్నవాడిని సేవిస్తాడని చెప్పినట్లే, పెద్దవాడిని చిన్నవాడు సేవిస్తాడని కూడా అన్వయించవచ్చునని 12, 13 శతాబ్దాల సంధిలో జీవించిన వ్యాఖ్యాత దావీదు కిమ్హీ గుర్తించాడు. సాక్స్ ఈ సూచనను అందుకుని ఇంకొంచెం ముందుకు వెళ్తారు. వాక్యంలోని రెండు విశేషణాలు కూడా సరైన జంట కావు. 'ౙాయీర్' అంటే చిన్నవాడు. 'రవ్' అంటే జ్యేష్ఠుడని కచ్చితంగా చెప్పలేము, అధికుడనో గొప్పవాడనో కూడా కావచ్చు. దైవవాక్కు సందిగ్ధంగా ఉంది. రిబ్కా విన్నది అందులో ఒక అర్థం మాత్రమే.

తెలుగు అనువాదం ఈ సందిగ్ధతను నిలుపుకోలేదు. ఇది అనువాదకుల లోపం కాదు, భాషాస్వభావం. తెలుగులో ఊడిగం చేయించుకునే వాడికి షష్ఠీ ప్రత్యయం 'కి' తగిలించక తప్పదు. సేవించు అన్న క్రియను వాడినా మహద్వాచకం మీద ద్వితీయా ప్రత్యయం లోపించదు. పామును చంపాడు, పాము చంపాడు అన్న వికల్పం అమహత్తుకు చెల్లుతుందేమో గాని మనిషికి చెల్లదు. కాబట్టి ఈ వాక్యాన్ని తెలుగు చేసేవాడు రిబ్కాలాగే ఒక అర్థాన్ని ఎంచుకోక తప్పదు. ఒకటిన్నర శతాబ్దానికి పైగా తెలుగు పాఠకులు ఎరిగిన ఆదికాండంలో ఏశావు పుట్టకముందే ఓడిపోయి ఉన్నాడు.

అయితే వ్యాకరణపరమైన ఈ వాదాన్ని పూర్తిగా ఆమోదించడానికి ఒక చిక్కు ఉంది. దైవవాక్కు పద్యరూపంలో ఉంది. హీబ్రూ పద్యంలో 'ఎత్' లోపించడం సర్వసాధారణం. కనుక ఆ లోపం ఒక్కటే ఉద్దేశపూర్వకమైన సందిగ్ధతకు రుజువు కాజాలదు. కిమ్హీ చూపింది అన్వయానికి ఉన్న అవకాశాన్ని. సాక్స్ దాన్ని దైవాభిప్రాయంగా మార్చారు. ఈ తేడాను ఆయన తగినంతగా గుర్తించినట్లు కనిపించదు.

ఆశ్చర్యమేమంటే, వ్యాకరణం ఇవ్వని బలాన్ని కథాగమనం ఇస్తుంది. యాకోబు మోసంతో పొందిన దీవెనలో ఆకాశపు మంచు, భూమి సారం, అన్నదమ్ముల మీద అధికారం ఉన్నాయి. 28వ అధ్యాయంలో ఇస్సాకు తెలిసి తెలిసి, యాకోబును యాకోబుగానే ఎదుట నిలుపుకుని ఇచ్చిన రెండవ దీవెనలో సంతానం, అబ్రాహాముకు వాగ్దానం చేసిన నేల ఉన్నాయి. అంటే నిబంధనకు సంబంధించిన దీవెన మొదటినుంచీ యాకోబు కోసమే ఉంది. ఏశావు దీవెన ఏశావుదే. తనది కాని దానికోసం యాకోబు తనకు రాసిపెట్టినదాన్ని సైతం అపాయంలోకి నెట్టాడు. 20 ఏళ్ల తరువాత అన్నను కలిసేటప్పుడు యాకోబు ఏడుసార్లు నేలకు వంగుతాడు, అన్నను ప్రభువని సంబోధిస్తాడు, తన్ను దాసుడనుకుంటాడు. దొంగిలించిన దీవెనలో చెప్పిన దృశ్యం సరిగ్గా తలకిందులైంది: చిన్నవాడే పెద్దవాడికి వంగాడు. పశువుల మందలను కానుకగా ఇస్తూ మొదట 'మిన్హా' అన్న మాట వాడిన యాకోబు, మరుక్షణం దాన్ని వదిలి 'బెరాఖా' అంటాడు. మొదటిది కానుక, రెండవది దీవెన. తీసుకున్న దీవెనను యాకోబు అన్నకు తిరిగి ఇస్తున్నాడన్నది సాక్స్ పఠనం. అనువాదాల్లో సాధారణంగా రెండు చోట్లా కానుకే కనిపిస్తుంది. తిరిగి ఇవ్వడం అనే క్రియ పాఠకుడి కంటపడదు.

ఈ ముగింపును చూశాక రిబ్కా విన్న వాక్యానికి రెండవ అన్వయం నిజంగానే సాధ్యమనిపిస్తుంది. వాక్యార్థాన్ని వాక్యంలో కాక ప్రబంధంలో నిర్ణయించడం అలంకారశాస్త్రం ఎరిగిన వారికి కొత్త కాదు. ఆనందవర్ధనుడు మహాభారతపు అంగిరసాన్ని తేల్చింది కూడా ముగింపును బట్టే. ఈ పోలికను ఇంతకన్నా లాగడం మంచిది కాదు. మిద్రాష్‌ను ధ్వనితో, తాల్ముడ్ వాదాన్ని పూర్వపక్ష సిద్ధాంతాలతో సమీకరించే తులనాత్మక వ్యాసాల్లో సాదృశ్యమే తప్ప ఉపపత్తి తక్కువగా ఉంటుంది.

యోసేపు కథను సాక్స్ పాత్రల తారుమారుగా చదువుతారు. తమ్ముణ్ణి అమ్మేద్దామన్న యూదాయే 44వ అధ్యాయంలో ఇంకొక తమ్ముడు బెన్యామీనుకు బదులు తాను బానిసగా ఉండిపోతానంటాడు. అదే సందర్భం మళ్లీ ఎదురైనప్పుడు అదే తప్పు చేయకుండా ఉండటమే సంపూర్ణ పశ్చాత్తాపమన్న 12వ శతాబ్ది ధర్మశాస్త్రకర్త మైమోనిదీసు నిర్వచనానికి ఇది దృష్టాంతం. లేయా విషయంలో పరిశీలన మరింత సూక్ష్మం. ఆదికాండంలో ఆమెకు వాడిన ద్వేషింపబడిన స్త్రీ అన్న మాటే ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయంలో చట్టపదంగా తిరిగి వస్తుంది. ప్రియురాలి కొడుకు కోసం అప్రియురాలి జ్యేష్ఠపుత్రుని హక్కును తప్పించరాదని ఆ చట్టం. యాకోబు చేసిన పనిని యాకోబు సంతతికి నిషేధించారు. కథలోని గాయం చట్టంలో మానింది.

ప్రతికథ, అంతఃకథ

తెలుగులో పురాణ పునర్విమర్శకు బలమైన చరిత్ర ఉంది. త్రిపురనేని రామస్వామి చౌదరి 'శంబుకవధ' (1920) మూలకథ నైతికతను బయటినుంచి నిలదీసింది. ఓల్గా 'విముక్త' కథలు మూలం విడిచిపెట్టిన సీత, శూర్పణఖ, అహల్య, రేణుకల మాటలను కల్పించి ఇచ్చాయి. ఒకటి ఖండన, రెండవది పునఃకల్పన. రెండింటిలోనూ రచయిత మూలానికి ఎదురుగానో పక్కగానో నిలబడతారు. సాక్స్ దారి వేరు. మూలం పవిత్రమని, దాన్ని మార్చరాదని నమ్మే సమాజానికి ఆయన ప్రతినిధి. కనుక ప్రతికథను ఆయన రాయలేరు. అది మూలంలోనే ఉందని చూపాలి. పైకి కనిపించే కథ తిరస్కారాన్ని చెబుతుందని, లోపలి కథ ఆ తిరస్కారాన్నే తిరస్కరిస్తుందని ఆయన సిద్ధాంతం. దీన్ని అంతఃకథ అనవచ్చు.

అంతఃకథకు ఒక సౌలభ్యం ఉంది. నమ్మకస్తుడు తన నమ్మకాన్ని వదులుకోకుండానే పొరుగువాడి వైపు ఒక అడుగు వేయగలుగుతాడు. శంబుకుని పక్షాన నిలిచిన పాఠకుడు రాముడికి దూరం కావలసి వస్తుంది. ఏశావు పక్షాన కన్నీరు పెట్టిన సాక్స్ పాఠకుడు యాకోబు సంతానంగానే మిగులుతాడు. సమూహాల మధ్య శాంతికి ఈ రెండవ మార్గమే ఎక్కువ పనికొస్తుందని వాదించవచ్చు. కాని దానికి చెల్లించే మూల్యం ఉంది: అంతఃకథ దొరకని చోట వ్యాఖ్యాతకు చెప్పడానికేమీ మిగలదు.

మక్పేలా గుహలో 1994

ఇస్సాకు, ఇష్మాయేలు కలిసి తండ్రిని పాతిపెట్టిన మక్పేలా గుహ హెబ్రోనులో ఉంది. యూదులకూ ముస్లిములకూ అది పుణ్యస్థలం. 1994 ఫిబ్రవరి 25న, పూరీము పండుగనాడు, బారూఖ్ గోల్డ్‌స్టైన్ అనే యూదు వైద్యుడు అక్కడ నమాజు చేస్తున్న వారిపై కాల్పులు జరిపి 29 మందిని చంపాడు. పూరీముకు ముందు శనివారం ప్రార్థనాలయాల్లో చదివే భాగం ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయంలోనిది: అమాలేకు జాతి స్మృతిని తుడిచివేయాలన్న ఆజ్ఞ. పూరీము కథలోని దుష్టుడు హామాను ఆ జాతివాడేనని సంప్రదాయం.

సాక్స్ పద్ధతికి అసలు పరీక్ష ఇక్కడ. ఇష్మాయేలు కథలో అంతఃకథ ఉంది, ఏశావు కథలో ఉంది. అమాలేకు కథలో ఏముంది? ఆజ్ఞ సూటిగా ఉంది, కన్నీరు లేదు, పునస్సమాగమం లేదు. సమూయేలు మొదటి గ్రంథంలో ఆ ఆజ్ఞను పూర్తిగా పాటించనందుకు సౌలు రాజ్యాన్నే పోగొట్టుకుంటాడు. కఠిన పాఠాలకు కేటాయించిన 12వ అధ్యాయంలో సాక్స్ కథాపఠనాన్ని వదిలి వ్యాఖ్యాన చరిత్రను ఆశ్రయిస్తారు. ప్రతి మతంలోనూ అక్షరశః పాటిస్తే ప్రాణాంతకమయ్యే వాక్యాలు ఉన్నాయని, వ్యాఖ్యానం లేకుండా వాక్యాన్ని నేరుగా ఆచరణలోకి తెచ్చేవాడే ఛాందసుడని, రబ్బీలు శతాబ్దాలుగా ఆ వాక్యాల కోరలు తీశారని ఆయన వాదం. మిష్నాలో ఇందుకు ప్రసిద్ధమైన ఆధారం ఉంది: అష్షూరు రాజు సన్హెరీబు జాతులన్నింటినీ కలగాపులగం చేశాడు కనుక ప్రాచీన శత్రువులెవరో ఇప్పుడు గుర్తించలేరని అక్కడి వాదన. కనాను దేశపు ఏడు జాతుల స్మృతి నశించిందని మైమోనిదీసు కూడా అన్నాడు.

కాని మైమోనిదీసు అమాలేకు ఆజ్ఞ దగ్గర ఆ మాట చెప్పలేదు. ఈ మౌనాన్ని తరువాతి పండితులు గమనించారు. కొందరు దాన్ని ఆసరాగా చేసుకుని, యూదులను నిర్మూలించజూసే ఏ జాతి అయినా అమాలేకే అన్నారు. సంధికి అంగీకరిస్తే అమాలేకునైనా వదలాలని మైమోనిదీసే మరొకచోట చెప్పిన మాట వాళ్లకు అంతగా అక్కరకు రాలేదు. కోరలు తీసిన వ్యాఖ్యానమూ, కోరలు పెట్టిన వ్యాఖ్యానమూ ఒకే సంప్రదాయంలో, ఒకే పద్ధతిలో పుట్టాయి. గోల్డ్‌స్టైన్ వ్యాఖ్యానం ఎరుగని అక్షరవాది అని సరిపెట్టడం కుదరదు. హెబ్రోను పాలస్తీనీయులను అమాలేకుగా చూడటమే ఒక వ్యాఖ్యానం, రూపకం. అక్షరవాదికి అది సాధ్యం కాదు. ఛాందసం వ్యాఖ్యానరాహిత్యమన్న సాక్స్ నిర్వచనం ఈ ఒక్క ఉదాహరణ దగ్గరే వీగిపోతుంది. ఏ వ్యాఖ్యానం మంచిదో చెప్పే కొలత వ్యాఖ్యానానికి బయట ఉండాలి.

ఆ కొలత సాక్స్ దగ్గర లేకపోలేదు. పరదేశిని బాధించవద్దన్న హెచ్చరిక తోరాలో 36 చోట్ల, కొందరి లెక్కలో 46 చోట్ల ఉందని తాల్ముడ్ చెబుతుంది. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయం తమను బానిసలుగా చేసిన ఐగుప్తీయులను సైతం అసహ్యించుకోవద్దంటుంది. కారణం, మీరు వారి దేశంలో పరదేశులై ఉన్నారు. శత్రువు దగ్గర పొందిన ఆశ్రయాన్ని, అది బానిసత్వంగా మారాక కూడా మరువవద్దన్న ఈ మాట మీద సాక్స్ రాసిన పుటలు గ్రంథంలో అత్యుత్తమమైనవి. పగను మోస్తూ ఐగుప్తును వీడిన జాతి శరీరంతో బయటపడినా మనసులో బానిసగానే మిగులుతుందన్న ఆయన అన్వయం బలమైనది. రెండు అధ్యాయాల దూరంలో ఒకే గ్రంథం ఒక శత్రువును ద్వేషించవద్దని, ఇంకొక శత్రువును తుడిచివేయమని చెబుతోంది. వీటిలో ఏది ఏలుబడి వాక్యమో, ఏది లోబడి చదవవలసినదో నిర్ణయించేది వ్యాఖ్యాత మనస్సాక్షి. సాక్స్ ఎంపిక గౌరవనీయం. అది తన ఎంపిక అని ఒప్పుకోకుండా, గ్రంథం తానుగా చెబుతున్న మాటగా చూపించడం దగ్గరే అభ్యంతరం.

రెండు ముద్రణలు

'ది డిగ్నిటీ ఆఫ్ డిఫరెన్స్' చరిత్ర ఈ చిక్కునే మరొక వైపు నుంచి చూపుతుంది. ఆదికాండము 9వ అధ్యాయంలో నోవహుతో చేసిన నిబంధన మానవజాతి మొత్తానికి చెందింది. 11వ అధ్యాయంలో బాబెలు గోపురం కూలుతుంది, భాషలు చెదురుతాయి. 12వ అధ్యాయంలో అబ్రాహాముకు పిలుపు వస్తుంది. ఈ క్రమాన్ని సాక్స్ సార్వత్రికం నుంచి విశేషానికి ప్రయాణంగా చదివారు. సత్యం ఒక్కటే, అది అందరికీ ఒకటే అన్న ప్లేటో వారసత్వాన్ని ఆయన బాబెలు గోపురంలో చూశారు. ఒకే భాష, ఒకే మాట అన్న కల సామ్రాజ్యాల కల. భాషల వైవిధ్యం శిక్ష కాదు, దైవసంకల్పం. బాబెలును బలవంతపు ఏకరూపతగా చూడటానికి 19వ శతాబ్దిలో వోలోజిన్ విద్యాపీఠాధిపతి నఫ్తాలి ౙ్వీ యెహూదా బెర్లిన్ వ్యాఖ్యానంలోనే దారి ఉంది.

2002 ముద్రణలో సాక్స్ ఈ వాదాన్ని దాని తార్కికపు చివరిదాకా తీసుకువెళ్లారు. దేవుడు యూదులతో యూదుమతం ద్వారా మాట్లాడినట్లే క్రైస్తవులతో, ముస్లిములతో వారి వారి మతాల ద్వారా మాట్లాడాడని, ఆధ్యాత్మిక సత్యం ఏ ఒక్క మతానికీ సొత్తు కాదని అర్థం వచ్చే మాటలు రాశారు. బ్రిటన్‌లోని కొందరు సనాతన రబ్బీలు, యెరూషలేముకు చెందిన ధర్మనిర్ణేత యోసెఫ్ షాలోమ్ ఎల్యాషివ్ ఈ మాటలను తోరాకు విరుద్ధమని ఆక్షేపించారు. 2003లో సవరించిన ముద్రణ వచ్చింది. అందులో ఆ మాటలు లేవు. నోవహు నిబంధన పరిధిలో ఇతర జాతులు, మతాలు దేవునితో తమదైన సంబంధాన్ని కనుగొనే అవకాశం ఉందన్నంతవరకు వాదం తగ్గింది.

రెండు ముద్రణలను పక్కపక్కన పెట్టి చూస్తే మారిన పుటలు కొన్నే. మారిన వ్యాకరణం మాత్రం పెద్దది. మొదటి ముద్రణలో దేవుడు కర్త: ఆయనే ఇతరులతో మాట్లాడాడు. రెండవ ముద్రణలో ఇతరులు కర్తలు: వారు దేవుణ్ణి వెదుక్కోవచ్చు. భేదానికి గౌరవం ఉందన్న శీర్షిక అలాగే ఉంది. ఆ గౌరవం దైవదత్తమన్న మాట పోయింది. ఒత్తిడికి లొంగారని విమర్శించడం తేలిక. ప్రధాన రబ్బీగా ఆయన మాట ఆయన ఒక్కరిది కాదు. సమాజం వెంట రాని వ్యాఖ్యాత రాసింది సాహిత్యంగా నిలవవచ్చు గాని ధర్మంగా చెల్లదు. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. తన వారి మధ్యనే పలకలేని వాక్యాన్ని ఇతర మతాలవారు శాంతికి పునాదిగా ఎలా స్వీకరిస్తారు?

భేదాన్ని ఆదరించడం బయటివారి విషయంలో కంటే లోపలివారి విషయంలో కష్టమని సాక్స్ జీవితంలోని మరొక ఘటన చెబుతుంది. ఆష్విట్జ్ నుంచి బతికి బయటపడిన సంస్కరణవాద రబ్బీ హ్యూగో గ్రిన్ 1996లో మరణించినప్పుడు సాక్స్ అంత్యక్రియలకు వెళ్లలేదు. మరుసటి ఏడాది సంస్మరణ సభకు వెళ్లారు. వెళ్లడాన్ని సమర్థించుకుంటూ ఒక సనాతన ధర్మాధికారికి రాసిన లేఖ బయటపడింది. అందులో సంస్కరణవాదం పట్ల కటువైన మాటలు ఉన్నాయి. 1993 నాటి 'వన్ పీపుల్?' గ్రంథంలో కూడా ఆయన యూదుల్లోని శాఖలన్నీ సమానమేనన్న బహుళవాదాన్ని అంగీకరించలేదు. అందరూ ఒకే ప్రజ అన్న సమావేశకత్వాన్నే కోరారు. ఇష్మాయేలుకు దక్కిన ఆదరం సొంత ఇంటి తమ్ముడికి దక్కలేదని సంస్కరణవాదులు భావించడంలో అన్యాయం లేదు.

ఇల్లు ఎవరు కడతారు

'ది హోమ్ వి బిల్డ్ టుగెదర్' గ్రంథం మూడు దృష్టాంతాల మీద నిలుస్తుంది. అతిథులను ఆదరించే జమీందారు మేడలో వచ్చినవారు ఎప్పటికీ అతిథులే. హోటల్లో అందరూ డబ్బు చెల్లించే బసదారులే, ఎవరికీ అది సొంతం కాదు. మూడవది, నేల మాత్రమే ఇచ్చి, వచ్చినవారందరూ ఊరివారితో కలిసి కట్టుకునే ఇల్లు. మొదటిది విలీనం, రెండవది బహుళసంస్కృతివాదం, మూడవది సాక్స్ కోరుకునే సమాజం. ఆధారం నిర్గమకాండంలోని గుడారం. ఎర్ర సముద్రం చీలినా, మన్నా కురిసినా సణగడం మానని ప్రజలు, ప్రత్యక్ష గుడారాన్ని తమ చేతులతో కడుతున్నంతకాలం ఒక్క ఫిర్యాదూ చేయలేదు. ఎవరు ఏమి ఇచ్చారన్నది కాక, కలిసి చేసిన పనే జనాన్ని జాతిగా మార్చిందని అన్వయం. నిర్గమకాండము చివరి అధ్యాయాల్లోని కొలతలు, కొయ్యలు, తెరల పట్టికలు పాఠకులు దాటవేసే భాగం. దానిలో సమాజశాస్త్రాన్ని చూడటం సాక్స్ వంటి పాఠకుడికే సాధ్యం. గుడారం కట్టినవారు అప్పటికే ఒకే బానిసత్వాన్ని పంచుకున్నవారన్న సంగతిని మాత్రం ఆయన త్వరగా దాటిపోయారు.

సోదరత్వం అన్న రూపకానికి ఉన్న హద్దు తెలుగు నేలమీద మరింత స్పష్టంగా కనిపిస్తుంది. గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపంలోని కొత్తరెడ్డిపాలెంలో మాదిగ నేపథ్యం గల కొన్ని కుటుంబాలు 'బెనె ఎఫ్రాయిము' పేరుతో యూదుమతాన్ని ఆచరిస్తున్నాయి. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో ప్రచురించిన అధ్యయనం ఈ సమాజంలో కులానికీ మతానికీ మధ్య జరిగే పెనుగులాటను నమోదు చేసింది. ఎఫ్రాయిము యోసేపు రెండవ కొడుకు. ఆదికాండము 48వ అధ్యాయంలో ముసలి యాకోబు చేతులు అడ్డంగా మార్చి, పెద్దవాడైన మనష్షేను కాదని చిన్నవాడైన ఎఫ్రాయిము తలమీద కుడిచేయి పెడతాడు. తండ్రి పొరబడ్డాడనుకుని యోసేపు చేయి తీయబోతే, తెలిసే చేస్తున్నానంటాడు. సాక్స్ తన నాలుగు అధ్యాయాల్లో సోదరుల మధ్య తగవును వివరిస్తారు; ఒకే తండ్రి ఇంట పుట్టినవారిలో ఎవరు ముందన్న తగవు అది. కులం ఆ తగవు కాదు. అక్కడ ఎదుటివాడు తన తండ్రి బిడ్డేనని ఒప్పుకోవడమే జరగలేదు. ఊరి వెలుపల నిలబెట్టబడినవారు తమ పేరుగా ఎంచుకున్నది యాకోబు కుడిచేయి పడిన చిన్నవాడిని. ఈ ఎంపికను తిరస్కారానికి తిరస్కారంగా చదవవచ్చు. కాని సాక్స్ కథలో ఆ తిరస్కారాన్ని రద్దుచేసేది వెళ్లగొట్టిన ఇల్లే: ఇస్సాకే బావి దగ్గరికి వెళ్తాడు, యాకోబే అన్న ఎదుట వంగుతాడు. కొత్తరెడ్డిపాలెంలో దీవెనను వెదుక్కుంటూ బయలుదేరింది బయట ఉన్నవారు. ఊరు ఇంకా కదలలేదు.